ఎనిమిది చిల్లులు

జూన్ 28

కోపం వచ్చినప్పుడల్లా అరవకుండా కాగితం మీద రాయమన్నాడు బీపీ డాక్టరు. రాస్తే తగ్గుతుందట. తగ్గకపోతే మాత్ర పెంచుతానన్నాడు. నూలు ఏజెన్సీ వాళ్లు పంచిన పోయినేడాది డైరీ ఒకటి ఇంట్లో ఖాళీగా పడి ఉంది. తేదీలు సరిపోతాయి, వారాలు సరిపోవు. నాకు చాలు. సూరత్ మునిసిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలను నా చెయ్యి ఇంకా మరిచిపోలేదు. మా ఆవిడ విజయశ్రీ గుజరాతీ బడిలో చదివింది కాబట్టి ఇందులో ఏం రాసినా ఆమె చదవలేదు. ఈ డైరీలో నాకు నచ్చిన విషయం అదొక్కటే.

ఇవాళ్టిది ఖాడీ మీద కోపం. కోపం కూడా కాదు, రోత. ఖాడీ అంటే కాలువ అని పేరుకే. డైయింగు మిల్లుల రంగునీళ్లు, ఊరి మురుగు, చచ్చిన కుక్కలు అన్నీ అందులోనే. మూడు రోజుల వానకి అది పొంగి పర్వత్ పాటియా ఇళ్లలోకి వచ్చింది. మార్కండేయ కాక ఫియట్ కారు సగం తలుపుల దాకా ఆ నీళ్లలో రెండు రోజులు నానింది. ఈ పొద్దున టెంపోకి కట్టి ఆల్థాన్‌లో మా గ్యారేజీకి లాక్కొచ్చారు.

అరవై నాలుగు మోడల్ బండి అది. కాక పనిచేసిన మిల్లు మూతపడ్డప్పుడు పాత సేటు దగ్గర తీసుకున్నాడు. మా నాన్న పక్క మగ్గం మీద ముప్పై ఏళ్లు నేసిన మనిషి. ఆయన అడిగితే నేను కాదనలేను. ఏటా రాఖీ పున్నమికి మా పద్మశాలీల ఊరేగింపులో మార్కండేయ స్వామి పటం ఈ బండిలోనే పోతుంది. నడిపేది కాకే. స్వామికీ డ్రైవరుకీ ఒకటే పేరని అందరూ నవ్వుతారు.

సీట్లు పీకాం. కింద ఉన్నది బురద కాదు, జిగురు. ఎవరింటి చంటిపిల్లదో డైపరు, నీళ్లు తాగి రొట్టెంత ఉబ్బింది. ఒక జెర్రి. గేరు రాడ్డుకి చుట్టుకుని ఆడవాళ్ల సవరం. నేను గుమ్మం దాకా వెనక్కి జరిగాను. ముత్యం మాత్రం బుగ్గలో వక్కా పొగాకు కలిపిన మావా పెట్టుకుని అన్నిటినీ ఉత్త చేత్తో ఎత్తి పారేశాడు. తర్వాత అదే చేత్తో నోట్లోంచి మావా తీసి, నలిపి, మళ్లీ పెట్టుకున్నాడు. ఛీ. ముప్పై నాలుగేళ్లవాడు, పెళ్లాం ఉన్నవాడు, ఐదేళ్లుగా నా దగ్గర పని నేర్చుకుంటున్నాడు. పని వచ్చింది, శుభ్రం రాలేదు.

బండికి ఏమీ కాదు. రెండేళ్ల కింద దీన్ని పూర్తిగా విప్పి బాగుచేసింది నేనే. పైకి కనిపించే రేకు ఎవడైనా చేస్తాడు. కనిపించని చోటే అసలు పని. తలుపుల కింద రెండు పక్కలా పొడుగ్గా పెట్టెల్లాంటి దూలాలు ఉంటాయి, లోపల డొల్ల. తుప్పు పుట్టేది అక్కడే. మైనం వేడి చేసి, సన్న గొట్టం లోపలికి పంపి, మూలమూలకీ కొట్టాను. ఆ తర్వాత ఒక్క చిల్లు కనిపించకుండా ముగించాను. అప్పుడు కాక కిందికి వంగి, చేత్తో తడిమి, "మీ అమ్మ రఫూ చేసినట్టే ఉన్నదిరా" అన్నాడు.

ఇంటికొచ్చి చేతులు మూడుసార్లు కడిగాను.

జూన్ 29

ఐదుసార్లు కడిగాను. నిమ్మకాయ కూడా రుద్దాను. వాసన పోలేదు.

జులై 2

బండి ఆరింది. కొత్త సీట్లు, కొత్త చాపలు వేశాం. సాయంత్రం కాక వచ్చి తీసుకుపోయాడు.

అంతకు ముందు ముత్యం బండి కింద వెల్లకిలా పడుకుని ఏదో వెతుకుతున్నాడు.

"అన్నా, కింద నీళ్లు పోయే పొక్కలు లేవేంది? వేరే ఫియట్లకు ఉంటయి గద."

"లోపల మైనం ఉన్నదిరా. నీళ్లెట్ల నిలుస్తయి?"

"మైనం ఉన్నా నీళ్లు నీళ్లే గదన్నా. జర ఒకటి తెరిచి సూద్దామా?"

"నా పని మీద సుత్తె పెడ్తవా? లెవ్వు."

లేచాడు. లేస్తూ గోడ మీద ఉమ్మాడు. వాడి వీపంతా గ్రీజు, దానికి అంటుకున్న ఇసుక. అలాంటివాడు నాకు పని చెప్పడం.

నేను రింగ్ రోడ్ మార్కెట్లో పదిహేనేళ్లు రఫూ చేశాను. చీరలో చిల్లు పడితే, అదే చీర కొసనుంచి పోగులు లాగి, చిల్లు ఎక్కడుండేదో నేసినవాడికే తెలియకుండా మూసేవాణ్ని. అమ్మ నేర్పిన విద్య. కళ్లు పాడయ్యాక ఈ గ్యారేజీలో డెంటింగ్‌కి వచ్చాను. ఇప్పటికీ మా సేటు హస్ముఖ్‌భాయ్ గిరాకీలకు నన్ను రఫూ రఘు అనే పరిచయం చేస్తాడు. చిల్లు చూస్తే నాకు నిద్రపట్టదు. మైనం కొట్టాక కింది నుంచి రెండు రోజులు బొట్లు బొట్లుగా కారుతూనే ఉంటుంది, చీముకారే పుండులాగా. అది నాకు గిట్టదు. అందుకే నేను చేసిన బండి కింద బొట్టు కారదు. గ్యారేజీలో ఇంకెవడూ అలా చేయలేడు.

ముత్యంతో రేపు మాట్లాడను.

జులై 17

కాక బండి వేసుకుని వచ్చాడు.

"రఘూ, బ్రేకు కొడితే లోపల నీళ్ల సప్పుడొస్తున్నది. కుండ కదిలినట్టు."

"పెట్రోలు ట్యాంకు అది."

"ట్యాంకు ఎనుక ఉంటది బిడ్డా. సప్పుడు నా కాళ్ల కాడ వస్తున్నది."

"కాకా, నీకు డెబ్బై నాలుగేండ్లు. చెవులు చూపించుకో."

అన్నాక నాకే బాగోలేదు.  ఆయన టీ తాగి పోయాడు. పోయాక గుర్తొచ్చింది, ఆయన టీ తాగుతున్నప్పుడు డ్రైవరు తలుపు కింద రంగు మీద చిన్న పొక్కు కనిపించింది. వేలితో నొక్కితే మెత్తగా ఉంది. ఇంటి ముందు ఎండలో, వానలో బండిని అలా వదిలేస్తే రంగు పొంగదా? కిటికీ రబ్బర్లు పోయి రెండేళ్లయింది, మార్చుకోడు. ప్రతి వానా తలుపులోంచి లోపలికే దిగుతుంది. బండిని ప్రేమిస్తున్నామంటారు గానీ ఎవడూ చూసుకోడు.

జులై 24

కాక ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

ఆగస్టు 4

ముత్యం ఎడమ చెయ్యి నలిగింది. కాక బండి జాకీ మీద నుంచి జారింది. ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకేమీ రాయలేను.

ఆగస్టు 5

జారింది అని రాశాను. జారితే పక్కకి పడాలి. జాకీ నిలబెట్టిన చోటే నిలబడి ఉంది. బండే దాని మీదకి దిగింది.

జరిగింది ఇది. పున్నమి ఊరేగింపు దగ్గర పడిందని కాక నిన్న బండిని గ్రీజు పట్టించడానికి వదిలి వెళ్లాడు. ముత్యం ముందు చక్రం విప్పాడు. బ్రేకు డ్రమ్ము వెనక చెయ్యి పెట్టాడు. బిస్కెట్ విరిగినట్టు ఒక చప్పుడు వచ్చింది, అంతే. డ్రమ్ము అతని చేతిమీద దిగింది. అతను అరవలేదు. మావా మింగేసినట్టున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగి దగ్గాడు. నలుగురం బండిని ఎత్తాం.

రక్తం, గ్రీజు కలిస్తే ఒక రంగు వస్తుంది. గిన్నె మాడినప్పుడు అడుగున ఉండే రంగు. అది నా చెప్పుకి అంటుకుంది. ఇంటి బయటే విప్పి పారేశాను.

ఐదేళ్లుగా పనిచేస్తున్నాడు, జాకీ ఎక్కడ పెట్టాలో తెలియదా? నోట్లో ఎప్పుడూ ఆ చెత్త ఉంటే బుర్ర ఎలా పనిచేస్తుంది? అప్పుడు నేను టీ తాగుతున్నాను. నేను చూడలేదు.

ఆగస్టు 6

సేటు నన్ను లోపలికి పిలిచాడు. బండి మూలన టార్పాలిన్ కింద ఉంది.

"రఘూ, జాకీ ఎక్కడ పెట్టాడు వాడు?" అని గుజరాతీలో అడిగాడు.

"చూడలేదు సేటు. టీ తాగుతున్నా."

"కింద కాట్ ఏమీ లేదు కదా?"

"నా పనిలో కాట్ ఉండదు."

సేటు తల ఊపి, అయితే ముత్యానిదే తప్పు అన్నాడు. అతని చేత ఒక కాగితం మీద సంతకం తీసుకోవాలన్నాడు. జాకీ తానే తప్పు చోట పెట్టానని. సంతకం పెట్టాక ఇక్కడ పని ఉండదు, జాకీ మీది బండి పడేసినవాణ్ని సూరత్‌లో ఇంకే గ్యారేజీ కూడా తీసుకోదు. నాకు ఆ సంగతి తెలుసు. తల ఊపి బయటికొచ్చాను.

గుజరాతీలో తుప్పుని కాట్ అంటారు. మా అమ్మకి ఆ మాట పోయేదాకా కాటు అనే వినిపించేది. ఇనుమును ఏం కరిచిందిరా అని అడిగేది. ఇవాళ పొద్దంతా ఆ మాటే చెవిలో ఉంది.

ఆగస్టు 7

టీ తాగుతున్నానని సేటుకి చెప్పాను. ఇక్కడ కూడా అదే రాశాను. నా గ్లాసు అప్పటికే కడిగి బోర్లించి ఉంది.

ఆగస్టు 9

రాఖీ పున్నమి. కొత్త జంధ్యం వేసుకున్నాను. స్వామి పటాన్ని ఆటోలో పెట్టారు. కాక ఆటో పక్కన నడిచాడు, ఒక చెయ్యి దాని రేకు మీద పెట్టుకుని. నన్ను చూసి పలకరించాడు. బండి ఎట్లుంది అని అడగలేదు. అడిగితే బాగుండేది, తిట్టి ఉండేవాణ్ని.

మధ్యాహ్నం జమున వచ్చింది. ముత్యం భార్య. ఇక్కడికి వచ్చిన ఏడాది నుంచి నాకు రాఖీ కడుతుంది, అన్నా అంటుంది. ఈసారి రాదనుకున్నాను. వచ్చింది. రాఖీ కట్టింది. పేడా మిఠాయి ముక్క నోట్లో పెట్టింది. ఆ తర్వాత అడిగింది.

"అన్నా, సేటు మనిషి కాయితం తెచ్చిండు. జాకీ నేనే తప్పు పెట్టిన అని రాసున్నదట. మంగళవారం దాక దస్కత్ పెట్టాలంటున్నడు. గాయన ఏం మాట్లాడ్తలేడు, పంకా దిక్కు సూస్తున్నడు. నువ్వు ఆడనే ఉన్నవు గద. జర చెప్పన్నా, జాకీ యాడ పెట్టిండు?"

"నేను సూడలేదమ్మా."

"అస్సలు సూడలేదా?"

"లేదు."

పేడా నోట్లోనే ఉంది.  ఆమె నా ముఖం వైపు చూసింది, తర్వాత రాఖీ వైపు చూసింది. ముడి గట్టిగా ఉందా అని ఒకసారి లాగి చూసి వెళ్లిపోయింది.

ఆమె మెట్లు దిగిన చప్పుడు ఆగాక వాష్ బేసిన్‌లో పేడా ఉమ్మేశాను. విజయశ్రీ చూసింది. పాడైందా అని అడిగింది. అవునన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది. జమునతో చెప్పింది మూడో అబద్ధం, అందులోనూ తీపి నోట్లో పెట్టుకుని.

ఆగస్టు 10

గ్యారేజీకి సెలవు. పొద్దున్నే తాళం తీసుకుని ఒక్కణ్నే వెళ్లాను. చూద్దామని కాదు. నా పని బాగుందని తేల్చుకుందామని.

టార్పాలిన్ తీశాను. ఇరుసు కింద దిమ్మలు పెట్టి బండి కిందికి దూరాను. జాకీ దిగిన చోట దూలానికి అరచేతంత కన్నం పడి ఉంది. అంచులు ఇనుములా లేవు, నానిన అట్టలా ఉన్నాయి. బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి పోయింది. బయట రంగు మెరుస్తోంది. నేను వేసిన రంగు. అందులో నా ముఖం కనిపించింది.

అది డ్రైవరు వైపు. రెండో వైపు దూలం పైకి చక్కగా ఉంది. చిల్లులు ఎక్కడున్నాయో ఇంకెవడికీ తెలియదు, నాకు తెలుసు. మూసింది నేను. ఈ ఫియట్‌కి ఒక్కో వైపు కింద నాలుగు చిల్లులు. వాటిలోంచే లోపలి నీళ్లు బయటికి పోవాలి. మైనం కారి నేల పాడవుతుందని, చూడ్డానికి రోతగా ఉంటుందని, నేను వాటికి రబ్బరు బిరడాలు కొట్టాను. మీద పుట్టీ పెట్టాను. మీద నల్ల పూత వేశాను. వేలితో తడిమినా తెలియకుండా. రఫూ చేశాను.

ఉలి పెట్టి పుట్టీ గీకాను. బిరడా అంచు దొరికింది. పట్టకారుతో లాగాను.

మొదట గాలి వచ్చింది. కుళ్లిన గుడ్డు వాసన, దాని వెనక డైయింగు మిల్లు వాసన. తర్వాత నీళ్లు. నల్లగా, అంచున ఊదారంగుతో, చిక్కగా. నేను తల తప్పించేలోపు ముఖం మీద పడ్డాయి. నోట్లో పడ్డాయి. అందులో తెల్లటి పురుగులు ఉన్నాయి. తుప్పు పెళ్లలు పెళ్లలుగా వచ్చింది. దాంతో పాటు నా మైనం, పెరుగు గడ్డల్లాగా. అడుగున పేరుకుని ఉండిపోయింది, అతుకుల్లోకి పోనే లేదు. ఇవి ఒక్క ఖాడీ నీళ్లు కావు. రెండేళ్ల వానలు. ఖాడీ చివర్లో వచ్చి కలిసింది.

పక్కకి దొర్లి వాంతి చేసుకున్నాను. మళ్లీ కిందికి దూరాను. రెండోది తీశాను. మూడోది. నాలుగోది. అటు వెళ్లి, విరిగిన వైపు మిగిలిన నాలుగూ తీశాను. ఎనిమిది బిరడాలు. అన్నీ బాగున్నాయి. ఒక్కటీ కదల్లేదు. బండిలో తుప్పు పట్టనివి అవొక్కటే.

రాఖీ నల్లబడింది. దారం నుంచి బొట్లు కారుతున్నాయి.

రాయాల్సింది ఇంకొకటి ఉంది. ముత్యం ఆ రోజు జాకీని ఇరుసు కిందనే పెట్టబోయాడు. అది సరైన చోటు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చేతిలో గ్లాసు లేదు. "గంత కిందికి దూరుతవేందిరా, తలుపు కింద పెట్టు పో. యాడ పెట్టినా ఆగుతది. నా చేతి పని అది" అన్నాను. అతను ఒక క్షణం నా వైపు చూశాడు. జాకీ తీసి తలుపు కింద పెట్టాడు.

పెట్టమన్నది నేనే.

ఆగస్టు 11

ఎనిమిది బిరడాలు సేటు టేబుల్ మీద పెట్టాను. లోచో టిఫిను తింటున్నాడు. అంతా చెప్పాను. వింటూనే తిన్నాడు. పైన చల్లిన సేవ్ కారప్పూస ముక్క ఒకటి కింది పెదవికి అంటుకుని ఉంది, దాన్ని చూస్తూ చెప్పాను.

అయిపోయాక గిన్నె పక్కకి జరిపి, "ఇంకెన్ని బండ్లకి ఇలా చేశావు?" అన్నాడు.

"మైనం కొట్టినవన్నీ. పదకొండు."

"అయితే నోరు మూసుకో. ఇది బయటికొస్తే పదకొండు మందీ నా గుమ్మంలో నిలబడతారు. ముత్యం ఎలాగూ పనిలోంచి పోయినవాడే. నువ్వు పోతే నాకు పని నడవదు."

నిజం రాయాలంటే, ఆ మాట విన్నప్పుడు నాకు ఒక క్షణం ప్రాణం లేచొచ్చింది. ఎవరో దుప్పటి కప్పినట్టు. సేటుని చూస్తే అసహ్యం వేసింది, ఆ దుప్పటిలో వెచ్చగా ఉన్న నన్ను చూసుకుంటే అంతకంటే ఎక్కువ వేసింది. ఆయన బిరడాలను డ్రాయర్లోకి తొయ్యబోయాడు. లాక్కుని జేబులో వేసుకున్నాను.

బయటికొచ్చి కాకకి ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చాడు. బండి కింద దీపం పెట్టి చూపించాను. మోకాళ్లు పట్టుకుని వంగి చాలాసేపు చూశాడు. నేను చెబుతూనే ఉన్నాను, ఎందుకు మూశానో, ఎలా మూశానో. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే చీదరగా వినిపించింది.

"నీళ్ల సప్పుడొస్తున్నదంటే నా చెవులు పోయినయన్నవు" అన్నాడు.

"తప్పయింది కాకా."

"నాకు చెప్తవేందిరా. నా చెవులు మంచిగనే ఉన్నయి. చెయ్యి పోయినోనికి చెప్పు."

ఆగస్టు 12

మంగళవారం. సేటు మనిషి కంటే ముందే చేరాలని పొద్దున్నే పర్వత్ పాటియా వెళ్లాను. ఆ వీధి గోడల మీద ఖాడీ నీళ్ల గుర్తు ఇంకా నడుము ఎత్తున ఉంది. రెండో అంతస్తులో ఒకటే గది. ముత్యం మంచం మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి గుడ్డ మూటలా ఉంది. కాగితం కిటికీలో పెట్టి ఉంది, దాని మీద ఎగిరిపోకుండా మందు సీసా. జమున నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పొయ్యి వైపు తిరిగింది.

జేబులోంచి బిరడాలు తీసి అతని పక్కన పెట్టాను. ఇంకా వాసన వస్తున్నాయి. జమున ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె వినేటట్టే చెప్పాను. తప్పు నీది కాదు, చిల్లులు మూసింది నేను. జాకీ అక్కడ పెట్టమన్నది నేనే. టీ తాగలేదు. పక్కనే ఉన్నాను. జమునమ్మా, రాఖీ నాడు నీకు కూడా అబద్ధం చెప్పాను.

ముత్యం బిరడాలను కుడిచేత్తో ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"రొండేండ్ల కిందనే అడిగిన నిన్ను. గీటిని ఎందుకు మూస్తున్నవన్నా అని. యాదికున్నదా?"

గుర్తు లేదు. లేదని చెప్పాను. గుర్తు లేకపోవడమే ఎక్కువ సిగ్గనిపించింది.

"పొక్క కనవడ్డదంటే పని రానట్టే అన్నవు. జులైల మళ్ల అడిగిన. సుత్తె పెడ్తవా అన్నవు. గా దినం ఇరుసు కింద పెట్టబోతే..."

"తలుపు కింద పెట్టమన్నా."

"పని నేర్పినోడివని నీ మాట తియ్యలే."

"సేటుకు ఎందుకు చెప్పలేదురా?"

"కుడిచెయ్యి మంచిగనే ఉన్నది. ఇయ్యాల దస్కత్ పెట్టెటోన్నే. నేను చెప్తె ఎవడు నమ్ముతడు, నీ మీద? నువ్వే చెప్తవని సూసిన." బిరడాలు వరసగా మంచం పట్టీ మీద పేర్చాడు. "నాలుగో తారీకు కాడికెల్లి లెక్క పెట్టుకుంట కూసున్న. ఎనిమిది దినాలన్నా. పొక్కకొక్క దినం."

 జమున ఏడుస్తోంది, నా వైపు తిరగకుండా. కిటికీ దగ్గరికి వెళ్లి కాగితం తీశాను. చింపబోతే ముత్యం వద్దన్నాడు. వెనక వైపు తెల్లగా ఉంది కదా, ఇప్పుడు చెప్పింది దాని మీద రాసి నువ్వు దస్కత్ పెట్టు అన్నాడు. తెలుగులో రాశాను. సేటు చదవలేడని గుర్తొచ్చి, కింద గుజరాతీలో మళ్లీ రాశాను. అక్షరాలు వంకరపోయాయి. ముత్యం చదివి, టీ తాగలేదన్న ముక్క కూడా రాయమన్నాడు. రాశాను.

ఆగస్టు 14

పదకొండు మందికీ ఫోన్ చేశాను. ఇద్దరు బూతులు తిట్టారు. ఒకాయన నవ్వాడు, అది ఇంకా అధ్వాన్నం. బండిని తలుపు కింద జాకీ పెట్టి ఎత్తకండి అని ప్రతివాడికీ రెండుసార్లు చెప్పాను. దీన్ని పట్టుకున్నది ఎవరని అడిగితే ముత్యం పేరు చెప్పాను. అతనే వచ్చి చూస్తే బండి ఇస్తామన్నారు ఐదుగురు. సేటు నాతో మాట్లాడటం లేదు. కానీ ఆ ఐదుగురి సంగతి విన్నాక ముత్యం ఇంటికి మనిషిని పంపాడు, ఈసారి కాగితం లేకుండా.

ఆగస్టు 27

కాక బండికి రెండు దూలాలూ కోసి తీసేశాను. కొత్త రేకు మడతపెట్టి పెడుతున్నాను. కోసిన ముక్కల్ని తుక్కువాడికి వెయ్యలేదు. గ్యారేజీ గోడకి మేకు కొట్టి తగిలించాను. సేటు రెండుసార్లు తీయించాడు. మూడోసారి ఊరుకున్నాడు. వచ్చినవాళ్లందరూ ముక్కు మూసుకుని దాన్ని చూస్తారు, తర్వాత నన్ను చూస్తారు.

సెప్టెంబరు 5

పీడకలలో కూడా పురుగులే. బీపీ తగ్గలేదు. డాక్టరు మాత్ర పెంచాడు.

సెప్టెంబరు 23

ముత్యం పనిలోకి వచ్చాడు. ఎడమ చేతికి మూడు వేళ్లు. పానా జారిపోతుంటే తిట్టుకుంటున్నాడు, నన్ను కాదు, పానాని. మావా మానలేదు. అదే గోడ మీద ఉమ్మాడు. నాకు అదే రోత పుట్టింది. ఏమీ అనలేదు.

ఇవాళ కాక బండికి మైనం కొట్టాం. గొట్టం పట్టింది నేను. ఈసారి పల్చగా, వేడిగా, చివరి దాకా పంపి, మెల్లగా వెనక్కి లాగుతూ. అయిపోయాక అలవాటు కొద్దీ గుడ్డ అందుకున్నాను. ముత్యం అన్నాడు:

"జరుగన్నా."

జరిగాను. అతను వెల్లకిలా పడుకుని సైకిల్ పుల్ల ఒకటి తీసుకుని ఒక్కో చిల్లులో గుచ్చి చూశాడు. గట్టిగా లెక్కపెట్టాడు, నాకు వినబడేటట్టు. ఆరో దాంట్లో మైనం గడ్డకట్టి ఉంది. పొడిచాడు. తెరుచుకుంది. ఏడు. ఎనిమిది. అయిపోయాక ఇంకోసారి మొదటి నుంచి చూశాడు. నా పని మీద అతనికి నమ్మకం లేదు. ఉండకూడదు కూడా.

కాక ముక్కాలి పీట మీద కూర్చుని చూస్తున్నాడు. ముత్యం లేచాక మేం ముగ్గురం టీ తాగాం. బండి కింద నుంచి కారడం మొదలైంది. పసుపుపచ్చగా, జిగురుగా, ఒక్కో బొట్టూ సాగి సాగి తెగి, నేను పొద్దున కడిగిన నేల మీద పడుతోంది. ఎనిమిది చోట్ల ఎనిమిది మరకలు.  గుడ్డ నా చేతిలోనే ఉంది.

తుడవలేదు.